అంటు కింద పిలక: మన్యంలో మామిడి చెట్టు చరిత్ర

ఆదివాసీ దినోత్సవ సంచిక అనగానే మన యువత ఎదురుచూసేది పోరాటాల చరిత్ర, పండుగలు, ధింసా, పాటలు. మేము మాత్రం ఈసారి మామిడి చెట్టు మొదట్లో మొలిచే పిలకల గురించి రాస్తున్నాం. ఇది తోట పని కదా, దీనికీ చరిత్రకూ ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు. మన్యంలో అడవి ఎవరిది, భూమి ఎవరి చేతిలో ఉంది, మొక్క ఎవరు ఇచ్చారు, ఇచ్చాక ఎవరు పట్టించుకున్నారు అనే ప్రశ్నలన్నీ ఆ పిలక దగ్గరికే వచ్చి చేరతాయి. అందుకే ఈ వ్యాసం.

మొన్న వేసవిలో మాలో కొందరం పాడేరు వైపు ఊళ్ళలో పాత తోటలు చూడటానికి వెళ్ళాం. ఒక తోటలో సుమారు ఇరవై ఏళ్ళ కిందట వేసిన బంగినపల్లి అంటులు ఉన్నాయి. ఒక చెట్టు కింద నిలబడి పైకి చూస్తే తూర్పు కొమ్మకు నున్నటి పెద్ద కాయలు, పడమటి కొమ్మకు కోడిగుడ్డంత కాయలు. చెట్టు ఒకటే, కాయలు మాత్రం రెండు రకాలు. తోట గల తాత మాతో ఇలా అన్నాడు: "సెట్టు మారిపోనాది బాబూ. ఇచ్చినప్పుడు బంగినపల్లి అన్నారు. కొన్నేళ్ళు బాగానే కాసింది. ఇప్పుడు సగం పీసు పండే. మొక్కలిచ్చినోళ్ళు మోసం సేసినారు. మరేటి సేత్తాం?" పక్క తోటలో ఇంకా నయం కాదు. అక్కడ రెండు చెట్లు పూర్తిగా చిన్న కాయలే కాస్తున్నాయి. సంతకు తీసుకెళ్తే రెండు రకాలూ కలిసిన తట్టను చూసి షావుకారు ధర తగ్గించేస్తున్నాడట.

తాత చెప్పినట్టు మోసం జరగలేదు. చెట్టు మారనూ లేదు. ఆ చిన్న కాయల చెట్టు మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది. ఎలా ఉందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

టెంక చెట్ల కాలం

మన తాతముత్తాతలకు తెలిసిన మామిడి టెంక నుంచి మొలిచిన మామిడి. తిని పారేసిన టెంక పెరటి గోడ వారనో, కళ్ళం పక్కనో, గెడ్డ ఒడ్డునో మొలిచేది. దాన్ని మేకల నుంచి కాపాడితే ఎనిమిది పదేళ్ళకు కాపుకొచ్చేది. ఒక చెట్టు కాయ పులుపు, ఇంకో చెట్టు కాయ తీపి, మరో చెట్టు కాయంతా పీచు. తీపి చెట్టు టెంక నాటినా తీపి చెట్టే వస్తుందన్న నమ్మకం లేదు. పువ్వు మీద ఏ చెట్టు పుప్పొడి పడిందో దాని గుణం కూడా టెంకలోకి వస్తుంది. అందుకే మన ఊళ్ళలో చెట్లకు పేర్లు విడివిడిగా ఉండేవి. కాయ రుచిని బట్టి ఒక పేరు, ఆకారాన్ని బట్టి ఒకటి, చెట్టు నాటిన మనిషిని బట్టి ఇంకొకటి. ఇప్పటికీ ఏ ఊళ్ళోనైనా అవ్వలను అడగండి, పదేసి చెట్ల పేర్లు చెబుతారు.

ఈ చెట్టు మీద మనకు ఉన్నది భక్తి ఒక్కటే కాదు, అవసరం కూడా. మామిడి కొత్త జరిగేదాకా కొత్త కాయ నోట పెట్టకూడదన్న కట్టుబాటు మనకు తెలిసిందే. కాయ ముదిరేదాకా చెట్టు మీద ఎవరూ చెయ్యి వేయకుండా ఆ కట్టుబాటు కాపాడేది. పండు తిన్నాక టెంకను పారేసేవాళ్ళు కాదు. ఎండబెట్టి, పగలగొట్టి, లోపలి పప్పును నీళ్ళలో నానబెట్టి వగరు పోయాక పిండి చేసి అంబలి కాచుకునేవాళ్ళు. గింజలు అయిపోయి కొత్త పంట చేతికి రాని వానాకాలంలో ఆ అంబలే కడుపు నింపేది. తాండ్ర, ఒరుగులు, ఊరగాయ వీటికి అదనం.

ఇలాంటి చెట్టుకు కత్తి పెట్టే ఆలోచన ఎవరికి వస్తుంది? చెట్టు ఎక్కడ చిగురు వేస్తే అక్కడ వేయనిచ్చేవాళ్ళు. గాలికి విరిగినా, పిడుగు పడి కాలినా, మొదట్లో పిలక వస్తే చెట్టు బతికిందని సంతోషించేవాళ్ళు. అది సరైన పనే. టెంక చెట్టుకు వేరు నుంచి కొన దాకా ఒకటే గుణం. దాని మొదట్లో వచ్చిన పిలక కూడా అదే చెట్టు, అదే కాయ కాస్తుంది. "పచ్చని చిగురు కోయకూడదు" అన్న మన పెద్దల మాట ఆ చెట్టును చూసి పుట్టింది.

పోడులో మోడు

ఆ మాట వెనుక ఇంకో అనుభవం కూడా ఉంది. అది పోడు.

పోడు అంటే అడవిని నాశనం చేయడమని పాఠ్యపుస్తకాల్లో చదివి ఉంటారు. పాతకాలపు పోడు ఎలా జరిగేదో పెద్దలను అడిగితే వేరే సంగతి తెలుస్తుంది. కొండవాలులో కొంత ముక్క ఎంచుకుని చెట్లు కొట్టేవాళ్ళు. కానీ మామిడి, చింత, పనస, ఇప్ప చెట్లను కొట్టకుండా వదిలేవాళ్ళు. మిగతా చెట్లను కూడా వేళ్ళతో పెకలించకుండా నేల పైన కొంత మోడు వదిలి కొట్టేవాళ్ళు. ఎండిన కొమ్మలు కాల్చి, ఆ బూడిదలో కొర్ర, సామ, చోడి, కంది చల్లేవాళ్ళు. రెండు మూడేళ్ళు పండించి ఆ ముక్కను వదిలేసి ఇంకో చోటికి పోయేవాళ్ళు. వదిలిన నేలలో ఆ మోళ్ళే పిలకలు వేసేవి. వేరు అప్పటికే లోతుగా ఉంటుంది కాబట్టి గింజ నుంచి వచ్చే మొక్కకన్నా మోడు పిలక త్వరగా పెరుగుతుంది. కొన్నేళ్ళకు అక్కడ మళ్ళీ అడవి. పిలక లేకపోతే పోడు చక్రమే తిరగదు.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవుల హద్దులు గీశారు. పోడుకు ఆంక్షలు, కట్టె తెచ్చుకుంటే జరిమానా, పశువుల మేతకు రుసుము. తిరగడానికి నేల తగ్గిపోయేసరికి వదిలిన ముక్కకే త్వరగా తిరిగి రావాల్సి వచ్చింది. పిలకలు చెట్లయ్యే లోపే మళ్ళీ కొట్టాల్సిన పరిస్థితి. అడవి పలచబడటానికి ఇది కూడా ఒక కారణం. ఈ అటవీ ఆంక్షలూ, నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు వేసిన రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేయించిన వెట్టి చాకిరీ, ఇవన్నీ కలిసి అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో తిరుగుబాటుకు దారి తీశాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడితో అది మొదలైంది. ఆ చరిత్ర మీకు తెలుసు. మేము ఇక్కడ గుర్తు చేస్తున్నది ఒక్కటే: మోడును చిగురించనివ్వడం మనవాళ్ళకు సెంటిమెంటు కాదు, వ్యవసాయ పద్ధతి. ఆ పద్ధతికి కావలసిన నేలను మన నుంచి తీసుకున్నారు.

పట్టాతో వచ్చిన అంటు

అంటు మామిడి కథ వేరు. చోటు మారుతూ ఉండే పోడులో అంటు మొక్క ఎవరూ పెట్టరు. ఈ నేల నాది, పదేళ్ళ తర్వాత కూడా నాదే అన్న ధైర్యం ఉన్నప్పుడే పండ్ల తోట వేస్తారు. కాబట్టి మన్యంలో అంటు చెట్టు చరిత్ర భూమి హక్కు చరిత్రతో ముడిపడి ఉంది.

1917లోనే ఏజెన్సీ భూముల బదిలీ చట్టం వచ్చినా మన భూములు చేతులు మారుతూనే ఉన్నాయి. తర్వాత 1959లో ఒకటో రెగ్యులేషన్ వచ్చింది. 1970 సవరణతో షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ పూర్తిగా చెల్లకుండా పోయింది. గిరిజనేతరుల మధ్య అమ్మకాలు కూడా దాని కిందికే వచ్చాయి. 1970లలో గిరిజన ఉపప్రణాళిక, ఐటీడీఏలు వచ్చాయి. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న అటవీ భూమికి, నాలుగు హెక్టార్ల పరిమితితో, హక్కు పత్రం ఇవ్వాలని అది చెప్పింది. ఈ మెట్లు ఒక్కొక్కటీ ఎక్కాక మన ఇళ్ళ వెనుక గరువుల్లోకి, కొండవాలుల్లోకి అంటు మొక్కలు వచ్చాయి.

వాటిలో చాలా మొక్కలు వచ్చింది 'వాడి' పద్ధతిలో. వాడి అంటే గుజరాతీలో చిన్న తోట. 1982లో గుజరాత్‌లోని వాంస్దా ప్రాంత ఆదివాసీలతో బైఫ్ సంస్థ మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఒక్కో కుటుంబానికి ఎకరం నేలలో మామిడి, జీడి లాంటి చెట్లు, వాటి మధ్య అంతర పంటలు, చుట్టూ కంచెగా కలప చెట్లు. 2003-04లో నాబార్డు ఆదివాసీ అభివృద్ధి నిధి పెట్టాక ఈ పద్ధతి దేశంలో చాలా రాష్ట్రాలకు పాకింది. మన దగ్గరికీ వచ్చింది. తర్వాత ఉపాధి హామీ పనుల్లో గుంతలు తీసి మొక్కలు నాటారు. పది మీటర్ల దూరంలో నాటితే ఎకరానికి 40 చెట్లు. అంటు మొక్క నాలుగైదేళ్ళకే కాపుకొస్తుంది, కాయ అంతా ఒకే రకం, మార్కెట్లో పేరున్న రకం. మన ఉత్తరాంధ్రకు చెందిన సువర్ణరేఖ, రాయలసీమ నుంచి వచ్చిన బంగినపల్లి. ఆ బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

పథకానికి గడువు ఉంటుంది. గుంత, మొక్క, ఎరువు, కంచె, మొదటి కొన్నేళ్ళ సంరక్షణ దాని లెక్కలో ఉంటాయి. పదేళ్ళ తర్వాత, పదిహేనేళ్ళ తర్వాత చెట్టుకు ఏం చేయాలో ఆ లెక్కలో ఉండదు. మొక్కను ఇచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. చెట్టును పెంచే మనకేమో టెంక చెట్టు అలవాటే ఉంది: చిగురు కోయకూడదు. మేము చూసిన తోటల్లో జరిగింది ఇదే. కొత్త రకం చెట్టు వచ్చింది గానీ, దానితో రావలసిన కొత్త పని రాలేదు.

ఒక కాండం, రెండు చెట్లు

అంటు చెట్టు అంటే నిజానికి రెండు చెట్లు. నర్సరీలో ముందు నాటు టెంక మొలిపిస్తారు. ఆ మొక్క వేరు మూలం. దాని తల కోసి, మంచి రకం చెట్టు నుంచి తెచ్చిన చిన్న పుల్లను దానికి అతికించి కట్టు కడతారు. అతుకు కలిశాక కింద నాటు వేరు, పైన బంగినపల్లి కొమ్మ. అతుకు పైన వచ్చేదంతా బంగినపల్లి. అతుకు కింద ఏది మొలిచినా అది నాటు మామిడి. వేరు నీళ్ళూ, లవణాలూ పైకి పంపుతుంది, ఆకు ఆహారం కిందికి పంపుతుంది. కానీ గుణం మాత్రం అతుకు దాటదు. ఎన్నేళ్ళు కలిసి ఉన్నా నాటు నాటే, బంగినపల్లి బంగినపల్లే.

అతుకు కింద బెరడులో నిద్రపోయే మొగ్గలు ఉంటాయి. చెట్టు కొన బాగున్నంత కాలం అక్కడ తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగి ఆ మొగ్గలను లేవనివ్వదు. కొన విరిగినా, మేక మేసినా, వేసవిలో తోటకు నిప్పు అంటుకుని కాండం కమిలినా, కాండం తొలిచే పురుగు పైభాగాన్ని బలహీనం చేసినా ఆ అదుపు పోతుంది. కింది మొగ్గలు లేస్తాయి. వేరుకు దగ్గరగా ఉంటాయి కాబట్టి నీరు ముందు వాటికే అందుతుంది. నిటారుగా, నున్నగా, పెద్ద ఆకులతో ఏపుగా పెరుగుతాయి. చూసేవాళ్ళకు చెట్టు బలం పుంజుకుందని అనిపిస్తుంది. నాలుగైదేళ్ళలో ఆ పిలక అసలు కాండమంత లావు అవుతుంది. పైనున్న బంగినపల్లి క్రమంగా ఎండుతుంది. తాత తోటలో పడమటి కొమ్మ అలా వచ్చిందే. పక్క తోటలో పూర్తిగా మారిన రెండు చెట్లలో బంగినపల్లి ఎప్పుడో చచ్చిపోయింది, మిగిలింది వేరు మూలమే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ప్రాంతాన్ని దాటినప్పుడు అరకు, అనంతగిరి వైపు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు కూలిపోయి ఎంత నష్టం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి గాలికి విరిగిన అంటు మామిడి మళ్ళీ చిగురించినప్పుడు అందరం ఊపిరి పీల్చుకుంటాం. కానీ ఆ చిగురు అతుకు పైన వచ్చిందా, కింద వచ్చిందా అన్నది చూడం. చూడాల్సింది అదొక్కటే.

కత్తి ఎక్కడ పెట్టాలి

ముందు అతుకు కనిపెట్టండి. నేల నుంచి జానెడు, మూరెడు ఎత్తులో కాండం మీద చిన్న ఉబ్బో, వంకరో, బెరడు గరుకులో తేడానో కనిపిస్తుంది. ముసలి చెట్టులో అది తెలియకపోవచ్చు. మొక్క నాటేటప్పుడు అతుకును మట్టిలో పూడ్చేసి ఉంటే అసలు కనబడదు. అప్పుడు తొందరపడి కత్తి ఎత్తవద్దు. కాయలు ఉన్న రోజుల్లో తోటకు వెళ్ళి, చిన్న పీచు కాయలు కాసే కొమ్మ ఏదో చూసి, అది ఎక్కడ మొదలవుతుందో కిందిదాకా వెతికి, అక్కడ రంగు గుడ్డ పేలిక కట్టండి. కాపు అయ్యాక పని చేయవచ్చు. ఆకు చూసి పొరబడవచ్చు గానీ కాయ చూసి పొరబడం.

చెట్టు మీద కొత్తగా మొలిచేవి మూడు రకాలు. వేటికి ఏం చేయాలో వేరు వేరు.

మొదటిది అతుకు కింద పిలక. ఇది పూర్తిగా పోవాలి. పెన్సిలంత సన్నగా, లేతగా ఉన్నప్పుడైతే చేత్తో పట్టి కిందికి లాగి తీసేయవచ్చు, మొదట్లో ఉన్న మొగ్గలతో సహా ఊడి వస్తుంది. దీనికి కాలంతో పనిలేదు. మట్టిలోంచి వస్తుంటే మట్టి తవ్వి అది పుట్టిన చోటు దాకా వెళ్ళాలి. నేల పైన కోసి వదిలితే మిగిలిన మొండెం నుంచి ఒకటికి నాలుగు వస్తాయి. మన చాలా తోటల్లో చీపురుకట్టలా గుత్తులు కనిపించేది ఏటా పైపైన కోయడం వల్లనే.

రెండోది అతుకు పైన, లావు కొమ్మల మీద నిటారుగా లేచే నీటి కొమ్మలు. ఇవి బంగినపల్లివే, కానీ చెట్టు లోపల గుబురు చేసి వెలుతురూ గాలీ ఆపుతాయి. అన్నీ కోయకూడదు. పైకొమ్మ ఎండిపోయిన చోట, ఖాళీ ఉన్న చోట, బయటివైపు వంగిన దాన్ని ఒకటి రెండు ఉంచి మిగతావి తీయాలి. ముసలి చెట్టును తిరిగి కాపుకు తేవాలంటే ఈ కొమ్మలే ఆధారం. పెద్ద కొమ్మలు తగ్గించి కత్తిరించిన చెట్టు మళ్ళీ కాయడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. ఆ లోగా చిగుళ్ళను పలచన చేయకపోతే కత్తిరించిన శ్రమ వృథా.

మూడోది పిలక కానే కాదు. అది బదనిక. కొమ్మ మీద పుట్టి, చెట్టు రసం పీల్చి బతికే పరాన్న మొక్క. దాని ఆకు మందంగా, మామిడి ఆకుకు భిన్నంగా ఉంటుంది. పిట్టలు దాని పండు తిని, జిగురు గింజను ఇంకో కొమ్మకు అంటిస్తాయి. బదనిక ఆకులు దూసేస్తే చాలదు. అది పట్టిన కొమ్మను దానికి కొంచెం కింద కోసేయాలి.

లావు పిలకను కోయడానికి కాపు అయిపోయాక, వాన తెరిపి ఇచ్చిన రోజులు చూసుకోవాలి. పూత సమయంలో వద్దు. గొడ్డలితో నరికితే బెరడు చీలుతుంది, రంపం వాడాలి. ముందు కింది వైపు కొంచెం కోసి, తర్వాత పై నుంచి కోస్తే కొమ్మ బరువుకు బెరడు ఊడిరాదు. గాయానికి బోర్డో పేస్టు పూయాలి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్ళు. మైలుతుత్తాన్ని ఇనుప పాత్రలో కలపకూడదు, ప్లాస్టిక్ బకెట్టో మట్టి కుండో వాడాలి. మన్యంలో వానలు ఎక్కువ కాబట్టి ఈ పూత మానకూడదు. తడి గాయం కుళ్ళితే కాండం తొలిచే పురుగు కూడా వచ్చి చేరుతుంది.

నాటు కొమ్మ అప్పటికే చెట్టులో సగం ఆక్రమించి ఉంటే ఒకేసారి తీయవద్దు. రెండు మూడేళ్ళలో కొంచెం కొంచెంగా తగ్గించాలి. లేకపోతే ఇన్నాళ్ళు నీడలో ఉన్న బెరడు ఒక్కసారి ఎండ తగిలి పగులుతుంది. సున్నం పూస్తే కొంత రక్షణ. బంగినపల్లి పూర్తిగా చచ్చిపోయి నాటు ఒక్కటే మిగిలితే, మంచి పిలకలు రెండు మూడు ఉంచి వాటికే మళ్ళీ అంటు కట్టించవచ్చు. వేరు పాతది, బలమైనది కాబట్టి కొత్త మొక్క కన్నా ముందే కాస్తుంది.

ఈ పని మనకు కొత్త కాదు. మన కాఫీ తోటల్లో ప్రతి ఏటా చేస్తున్నదే. కాఫీ మొక్కను ఒక ఎత్తులో తుంచి, కాండం మీద నిటారుగా లేచే పిలకలను ఏడాదిలో కొన్నిసార్లు తీసేస్తాం. తీయకపోతే గింజ పడదని మన అక్కాచెల్లెళ్ళకు అందరికీ తెలుసు. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే ఆ చేతుల పని అందులో ఉంది. కాఫీ దగ్గర తెలిసిన పని మామిడి దగ్గర మనం వాడుకోవడం లేదు, అంతే.

నాటు చెట్టుకు ద్రోహమా?

ఆ రోజు తాతకు ఇదంతా చెప్పాం. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అయితే కింద ఉన్నది మన సెట్టే గదా. మన సెట్టును కోసేసి, ఎక్కడినుంచో వొచ్చిన దాన్ని ఉంచాలా?"

ఈ ప్రశ్నకు మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. మా మధ్య కూడా వాదన జరిగింది. మనదైన ప్రతిదాన్నీ అణచి, పైన వేరేది అతికించిన చరిత్ర మనకు తెలుసు. భాష విషయంలో జరిగింది, పేర్ల విషయంలో జరిగింది. నాటు పిలకను కోయమని మన సంచికలోనే రాస్తే ఎలా ఉంటుందని ఒకరు అడిగారు.

ఆలోచించాక మేము చేరుకున్న మాట ఇది. చెట్టును చెట్టుగా చూడాలి. అంటు కాలి దగ్గర పెరిగిన నాటు పిలక మన పాత చెట్టు కాదు. నర్సరీలో ఏదో ఒక టెంక నుంచి, వేరు కోసం మొలిపించిన మొక్క అది. దాని కాయకు మన ఊళ్ళో పేరు లేదు, దాని తల్లి ఎవరో తెలియదు. దాన్ని ఉంచితే నాటు చెట్టు దక్కదు, అంటు చెట్టూ దక్కదు, సంతలో ధర మాత్రం పోతుంది. మన అసలు నాటు చెట్లు ఊరి వారన, గెడ్డ ఒడ్డున, కొండమీద నిలబడి ఉన్నాయి. అవి ఏటా తగ్గిపోతున్నాయి. రోడ్డు వెడల్పుకు కొన్ని, కట్టెకు కొన్ని, ముసలితనంతో కొన్ని. ప్రేమ చూపించాల్సింది వాటి మీద. వాటి పిలకను కోయకండి. పేరున్న మంచి నాటు చెట్టు పడిపోయేలా ఉంటే దాని పుల్ల తెచ్చి అంటు కట్టించండి. టెంక నాటితే అదే రుచి రాకపోవచ్చు, అంటు కడితే వస్తుంది. పైనుంచి వచ్చిన ఆ విద్యతోనే మన చెట్టును మనం నిలుపుకోవచ్చు.

అన్ని చెట్లకూ ఒకే సూత్రం లేదని గోదావరి అవతలి మన కోయ, గోండు సోదరులకు బాగా తెలుసు. తునికి కూడా పండ్ల చెట్టే. కానీ బీడీ ఆకు కోసం వేసవికి ముందు తునికి పొదలను కొట్టేస్తారు. కొట్టిన మొదలు నుంచీ, వేరు నుంచీ వచ్చే లేత పిలకల ఆకే బీడీకి పనికొస్తుంది. యాభై ఆకులు ఒక కట్ట. 1971లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపారంపై చట్టం చేశాక ఆ ఆకు వ్యాపారం ప్రభుత్వం చేతికి వెళ్ళింది. అక్కడ పిలకే పంట. ఏది కావాలో, చెట్టు ఏ రకమో తెలిస్తేనే ఏది కోయాలో తెలుస్తుంది.

మన పని

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మీలో చాలామంది హాస్టళ్ళలో, విశాఖలో, హైదరాబాదులో ఉన్నారు. ఊళ్ళో తోట చూసేది ముసలి తల్లిదండ్రులు. వాళ్ళకు ఎత్తు కొమ్మ అందదు, మట్టి తవ్వే ఓపిక ఉండదు. వేసవి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మూడు పనులు చేయమని అడుగుతున్నాం.

ఒకటి, కాయలు ఉన్నప్పుడే తోట మొత్తం తిరిగి నాటు కాయ కాసే కొమ్మలకు పేలికలు కట్టండి. కాపు అయ్యాక, వానలు తెరిపి ఇచ్చినప్పుడు ఒకసారి వచ్చి కోయండి. లేత పిలకలను ఎప్పుడు వెళ్తే అప్పుడు లాగేయండి.

రెండు, మీ ఊరి పాత నాటు చెట్లను లెక్కపెట్టండి. చెట్టు పేరు, అది ఏ కుటుంబానిది, కాయ ఎలా ఉంటుంది, ఎవరు నాటారో పెద్దలను అడిగి రాసుకోండి. ఇది చరిత్రే. అటవీ హక్కుల నియమాల్లో సామూహిక హక్కులకు ఆధారాలుగా పవిత్ర వృక్షాలనూ, తోపులనూ కూడా చెప్పారని మరచిపోవద్దు. రాసి ఉంచిన ఊరికీ రాయని ఊరికీ ఆ రోజున తేడా తెలుస్తుంది.

మూడు, తోట గురించి మాట్లాడేటప్పుడు పెద్దలను తప్పుపట్టవద్దు. వాళ్ళు పాటించిన మాట వాళ్ళ చెట్టుకు సరైనదే. కొత్త చెట్టు ఇచ్చినప్పుడు కొత్త పని చెప్పాల్సిన బాధ్యత వేరే వాళ్ళది. అది జరగలేదు కాబట్టి ఇప్పుడు మనం చెబుతున్నాం.

ఆ తాత తోటకు మేము కాపు అయ్యాక మళ్ళీ వెళ్ళాం. పడమటి కొమ్మను ఒకేసారి తీయలేదు, మూడో వంతు తగ్గించాం. పేస్టు తాతే కలిపాడు. నేల దగ్గరున్న లేత పిలకలను ఆయన మనవరాలు ఒక్కొక్కటే లాగేసింది. పని అయ్యాక తాత మమ్మల్ని ఇంటి వెనక్కి తీసుకెళ్ళి, తన తండ్రి నాటిన టెంక చెట్టు చూపించాడు. దాని మొదట్లో ఒక పిలక మోకాలెత్తు పెరిగి ఉంది. "దీన్ని కొయ్యమంటారా?" అని అడిగాడు. కోయవద్దని అందరం ఒక్కసారే అన్నాం. మనవరాలు దాని చుట్టూ ముళ్ళకంప పెట్టింది, మేక రాకుండా.

జోహార్!